మూడింట రెండు వంతుల వోచర్: డాలస్ దగ్గర ఒక కేసు

ఇది ఇద్దరు పిల్లల తల్లి ఒకామెకి ప్రభుత్వ అద్దె సాయం వోచర్ కోసం డాలస్ శివారులో 2023లో నడిచిన కేసు. ఆమెను అడిగి, సరే అన్నాకే రాస్తున్నాను. ఊరు, పిల్లల వివరాలు, డాలర్ అంకెలు కొద్దిగా మార్చాను గానీ లెక్క జరిగే తీరు మార్చలేదు. నేను ఒక స్వచ్ఛంద సంస్థలో హౌసింగ్ కేస్ వర్కర్‌ని. నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాలు తక్కువే. వచ్చినవాళ్ళు కూడా "ఇవన్నీ సిటిజన్లకేగా, మాకెందుకిస్తారు" అంటూనే కూర్చుంటారు. అది సగమే నిజం. ఆ మిగతా సగం తెలియకనే చాలామంది అప్లికేషన్ దాకా రారు, అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

ఆమెకి ముప్పై దాటాయి. భర్తది హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఆమెది దాని మీద భార్యకిచ్చే హెచ్-4. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఇంట్లో కొట్టడం ఏళ్ళ తరబడి సాగింది, చివరికి పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. రిపోర్టు, భర్త దగ్గరికి రాకూడదనే కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్, పిల్లల్ని తీసుకుని షెల్టర్‌కి. హెచ్-4 మీద వర్క్ పర్మిట్ అప్పటికే ఉండటం ఒక్కటే కలిసొచ్చింది. దానితో డే కేర్‌లో పనికి చేరింది, నెలకి పన్నులు పోకముందు 1,800 డాలర్లు. పెళ్ళయినప్పటి నుంచి బ్యాంకు ఖాతా, కార్డులు, లీజు, కరెంటు బిల్లు అన్నీ భర్త పేరు మీదే. అంటే ఈ దేశంలో ఇన్నేళ్ళు ఉన్నా క్రెడిట్ హిస్టరీ సున్నా, అద్దె కట్టినట్టు చూపించడానికి ఒక్క కాగితం లేదు. విడాకుల కేసు నడుస్తోంది. నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్ళకిచ్చే యూ వీసాకి లాయర్ ఫైల్ చేశారు. ఇమిగ్రేషన్ విషయాల్లో నేను వేలు పెట్టను, అది లాయర్ పని. కాకపోతే ఆ స్టేటస్ ఏమిటన్నదే హౌసింగ్ లెక్కని తిప్పుతుంది కాబట్టి తెలుసుకోక తప్పదు.

ముందు ఆ వోచర్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. సెక్షన్ 8 అని అందరూ అనే కార్యక్రమం 1974 చట్టంతో మొదలైంది. ఇప్పుడున్న హౌసింగ్ చాయిస్ వోచర్ రూపం 1998 చట్టంతో వచ్చింది. డబ్బు కేంద్రం ఇస్తుంది, అంటే హెచ్‌యూడీ అనే ఫెడరల్ గృహ నిర్మాణ శాఖ. నడిపేది స్థానిక హౌసింగ్ అథారిటీలు. కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం పెట్టుకుంటే మిగతాది అథారిటీ నేరుగా ఓనర్‌కి కడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఇది ఫుడ్ స్టాంపుల్లాగా అర్హత ఉన్నవాళ్ళందరికీ ఇచ్చేది కాదు. ఉన్న నిధులకి ఎన్ని వోచర్లు వస్తే అన్నే. మొత్తం ఫెడరల్ అద్దె సాయం కలిపి చూసినా అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో సుమారు ఒకదానికే అందుతోంది. వెయిటింగ్ లిస్టులు ఏళ్ళ తరబడి నడుస్తాయి, అసలు చాలాచోట్ల లిస్టులు మూసే ఉంటాయి.

ఈమెకి దొరికింది మామూలు వోచర్ కాదు, ఎమర్జెన్సీ హౌసింగ్ వోచర్. 2021లో అమెరికన్ రెస్క్యూ ప్లాన్ కింద 500 కోట్ల డాలర్లతో దేశమంతటికీ సుమారు 70,000 ఇలాంటివి ఇచ్చారు. ఇల్లు లేనివాళ్ళకి, ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నవాళ్ళకి, గృహహింస నుంచి బయటపడుతున్నవాళ్ళకి. వీటికి మామూలు లిస్టుతో పని ఉండేది కాదు, షెల్టర్ల నెట్‌వర్క్ నుంచి రిఫరల్ వెళ్తే సరిపోయేది. ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 120 రోజులు ఇవ్వాల్సి ఉండేది, మామూలు వోచర్‌కైతే అది 60. పైగా డిపాజిట్‌కీ ఓనర్‌ని ఒప్పించడానికీ వాడుకోమని అథారిటీలకి వోచర్‌కి 3,500 డాలర్ల చొప్పున విడిగా ఇచ్చారు. మామూలు వోచర్‌లో డిపాజిట్ పూర్తిగా కుటుంబం నెత్తినే పడుతుంది, వోచర్ చేతిలో ఉండీ జనం ఇల్లు దక్కించుకోలేకపోవడానికి ఇదో పెద్ద కారణం.

రిఫరల్ వెళ్ళింది. అథారిటీ ఆఫీసులో అప్లికేషన్ తీసుకునే చోటే ఆగింది. కౌంటర్‌లో ఉన్నావిడ హెచ్-4 అన్న మాట చూసి "మీకు అర్హత లేదు" అని చెప్పి పంపేశారు, కాగితం మీద ఏమీ రాయలేదు. ఈమె కూడా మారుమాట్లాడకుండా వచ్చేసింది. మనవాళ్ళకి ఆఫీసు కిటికీలోంచి వచ్చే మాట అంటే సుప్రీంకోర్టు తీర్పే.

ఆవిడ చెప్పింది ఈమె వరకూ నిజమే. సెక్షన్ 214 అనే 1980 నాటి నిబంధన ప్రకారం సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, శరణార్థులు, ఇంకా కొన్ని తరగతులకే సాయం. హెచ్-1బీ, హెచ్-4, స్టూడెంట్ వీసాలు అందులో లేవు. యూ వీసాకి అప్లై చేసినంత మాత్రాన కూడా రాదు. భర్త సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే హింసకి గురైన భార్య వావా (మహిళలపై హింస నిరోధక చట్టం) కింద భర్త ప్రమేయం లేకుండా తనే పిటిషన్ వేసి అర్హత తెచ్చుకోవచ్చు. ఈమె భర్తది హెచ్-1బీ కాబట్టి ఆ దారీ లేదు. కానీ నిబంధన చూసేది ఇంటి పెద్దని కాదు, ఇంట్లో ఒక్కొక్కరినీ. ఒక్కరికి అర్హత ఉన్నా అది మిక్స్‌డ్ ఫ్యామిలీ, ఎంతమందికి అర్హత ఉందో ఆ నిష్పత్తిలో సాయం ఇవ్వాలి. ఫెడరల్ నిబంధనల సంపుటి 24 సీఎఫ్ఆర్ 5.520లో ఇది స్పష్టంగా ఉంది. నేను చేసింది చిన్న పని: ఆ సెక్షన్ నంబరు రాసి, పిల్లల జనన ధ్రువపత్రాలు, సోషల్ సెక్యూరిటీ కార్డులు జతచేసి, ఆమె తన వరకూ "అర్హత కోరడం లేదు" అనే డిక్లరేషన్ మీద సంతకం పెట్టి, అర్హత లేదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని ఈమెయిల్‌లో అడిగాం. రాతపూర్వకంగా అనగానే ఫైలు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది, ఫైలు తెరుచుకుంది.

ఈలోగా షెల్టర్‌లో పరిచయమైన ఇంకో తెలుగామె "సెక్షన్ 8 తీసుకుంటే పబ్లిక్ ఛార్జ్ పడుతుంది, జన్మలో గ్రీన్ కార్డు రాదు" అని భయపెట్టింది. పబ్లిక్ ఛార్జ్ అంటే ప్రభుత్వ సాయం మీద బతికే మనిషి అని తేల్చి గ్రీన్ కార్డు కాదనడం. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన రూల్ నిజంగానే అద్దె సాయాన్ని లెక్కలోకి తీసుకుంది. 2021లో అది పోయింది. 2022 డిసెంబరు నుంచి అమలైన రూల్‌లో హౌసింగ్ సాయం లెక్కలోకి రాదు. యూ వీసా అడిగేవాళ్ళకైతే పబ్లిక్ ఛార్జ్ పరీక్ష నుంచి చట్టంలోనే మినహాయింపు ఉంది. అయినా నా మాట మీద వదిలేయకుండా ఆమె లాయర్‌తో ఒక ఈమెయిల్ రాయించుకుని ఫైల్లో పెట్టాం. ఈ రూల్స్ ప్రభుత్వం మారినప్పుడల్లా కదులుతుంటాయి, మిక్స్‌డ్ కుటుంబాలకి సాయం తీసేయాలని 2019లో ప్రతిపాదించి 2021లో వెనక్కి తీసుకున్నారు కూడా. కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళు మీ కేసు నడిచే రోజున ఏ రూల్ ఉందో లాయర్ని అడగండి.

ఇప్పుడు అసలు లెక్క. ఈ భాగం కేస్ వర్కర్లలోనే చాలామందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నా.

ఏడాది ఆదాయం 21,600. అర్హత లేని సభ్యురాలిదే అయినా ఆదాయం మాత్రం పూర్తిగా లెక్కేస్తారు. అందులోంచి పిల్లలకి ఒక్కొక్కరికి 480 చొప్పున 960 తీసేశారు (అది ఆనాటి అంకె). చిన్నవాడి డే కేర్ ఖర్చు ఏడాదికి 2,400 తీసేశారు, ఆమె పనికి వెళ్ళడానికే ఆ ఖర్చు కాబట్టి. మిగిలింది 18,240, నెలకి 1,520. దానిలో 30 శాతం 456. ముగ్గురికీ అర్హత ఉంటే ఆమె వాటా అంతే. పేమెంట్ స్టాండర్డ్ (సాయం లెక్కకి అథారిటీ పెట్టుకున్న అద్దె పరిమితి) లోపల ఉన్న ఇల్లు 1,400దైనా 1,650దైనా ఆమె కట్టేది 456. మిక్స్‌డ్ కుటుంబానికి అలా కాదు. పేమెంట్ స్టాండర్డ్ 1,650 అనుకోండి, ఇంటి మొత్తం అద్దె (అద్దెతో పాటు అద్దెదారు కట్టుకునే కరెంటు, నీళ్ళ లాంటి వాటి అంచనా ఖర్చు కలిపి) కూడా అంతే అనుకోండి. మామూలుగా సాయం 1,650లోంచి 456 పోగా 1,194. ముగ్గురిలో ఇద్దరికే అర్హత కాబట్టి దానిలో మూడింట రెండు వంతులు, 796. మిగతా 854 ఆమెదే.

దీన్నిబట్టి రెండు సంగతులు బయటపడతాయి. ఒకటి, ఇలాంటి కుటుంబానికి అద్దె పెరిగే ప్రతి డాలర్‌లో మూడో వంతు వాళ్ళ జేబులోంచే పోతుంది, కాబట్టి వోచర్ ఉంది కదా అని పై అంచున ఉన్న ఇల్లు చూసుకోకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. మొత్తం అద్దె పేమెంట్ స్టాండర్డ్‌ని ఒక్క డాలర్ దాటినా, మొదటిసారి దిగేటప్పుడు కుటుంబం వాటా సవరించిన ఆదాయంలో 40 శాతానికి మించకూడదనే నిబంధన వర్తిస్తుంది. ఆమెకి 40 శాతం అంటే 608. ఈ నిష్పత్తి కోత వల్ల ఆమె వాటా ఎలాగూ ఎనిమిది వందల పైనే. అంటే 1,650కి ఇల్లు ఓకే, 1,651కి ఓకే కాదు. మధ్యలో సర్దుబాటు ఉండదు. ఇల్లు వెతకడానికి బయల్దేరేముందే ఈ గీత ఎక్కడుందో ఆమె ఫోన్‌లో రాసుకుంది, ఈ కేసు నిలబడిందంటే సగం అందుకే.

డాలస్ ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. మామూలుగా హెచ్‌యూడీ ఒక మెట్రో అంతటికీ ఒకే ఫెయిర్ మార్కెట్ రెంట్ (పేమెంట్ స్టాండర్డ్‌కి ఆధారమైన అంకె) ప్రకటిస్తుంది, అలాంటి చోట వోచర్ ఉన్నవాళ్ళు చవక అద్దెల పేటల్లోనే చిక్కుకుపోతారు. ఇక్కడ ఇన్‌క్లూజివ్ కమ్యూనిటీస్ ప్రాజెక్ట్ అనే సంస్థ కేసు వేసి సెటిల్‌మెంట్ సాధించాక 2011 నుంచి జిప్ కోడ్‌ని బట్టి అంకెలు మారుతున్నాయి. (అదే సంస్థ వేసిన ఇంకో కేసు 2015లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.) మంచి స్కూళ్ళున్న జిప్ కోడ్‌లో పరిమితి ఎక్కువ, పక్క జిప్‌లో తక్కువ. రోడ్డుకి ఈ పక్క ఇల్లు పాసవుతుంది, ఆ పక్క ఇల్లు అవ్వదు. ఆమెకి మొత్తం 1,350 పడే జిప్‌లో ఒక ఇల్లు చూశాం. వాటా 754 వచ్చేది. కానీ పెద్దవాడి స్కూలు మారాలి, డే కేర్ దూరం, పైగా అది భర్త స్నేహితులుండే అపార్ట్‌మెంట్లకి దగ్గర. నెలకి ఓ వంద మిగుల్చుకోవడం కన్నా దూరంగా ఉండటమే మేలని ఆమే తేల్చుకుంది. నేను అయితే స్కూలు సంగతి అంతగా పట్టించుకునేవాణ్ణి కాదు, కానీ మూడో కారణం ముందు ఇంక మాట్లాడటానికి లేదు.

వెతకడం మొదలయ్యాక టెక్సాస్ అంటే ఏమిటో తెలిసింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో వోచర్ అని చెప్పి ఇల్లు ఇవ్వనంటే చట్టవిరుద్ధం. ఇక్కడ ఓనర్ కాదనవచ్చు. ఆస్టిన్ నగరం 2014లో రక్షణ తెస్తే, మాజీ సైనికులకి తప్ప మరెవరికీ నగరాలు అలాంటి ఆర్డినెన్స్ పెట్టకూడదని రాష్ట్రం 2015లో చట్టం చేసింది. 2022లో డెంటన్ కౌంటీలోని ప్రావిడెన్స్ విలేజ్‌లో హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఏకంగా వోచర్ అద్దెదారులే వద్దని రూల్ పెడితే పెద్ద గొడవైంది, మరుసటి ఏడాది అసోసియేషన్లు అలా చేయకూడదని చట్టం వచ్చింది. అంటే ఇప్పుడు అసోసియేషన్ కాదనకూడదు, ఓనర్ కాదనొచ్చు. పెద్ద అపార్ట్‌మెంట్లకి ఫోన్ చేస్తే మాట పూర్తికాకముందే "వోచర్లు తీసుకోం". కొన్నిచోట్ల తీసుకుంటామంటారు గానీ అద్దెకి మూడు రెట్లు ఆదాయం చూపించమంటారు, అదీ మొత్తం అద్దెకి. ఆమె కట్టే వాటాకి మూడు రెట్లు చూడండి అని అడిగితే కొందరు మేనేజర్లు ఒప్పుకుంటారు, కాబట్టి అడగాలి. ఆమెకి ఎవరూ ఒప్పుకోలేదు.

ఆమె అన్నయ్యకి ఇక్కడే రెండో ఇల్లుంది, అద్దెకిస్తుంటాడు. "మా చెల్లికి నేనే ఇస్తాను, ఆ డబ్బేదో నాకే వస్తుంది" అన్నాడు. కుదరదు. తల్లిదండ్రులు, పిల్లలు, తాతయ్య అమ్మమ్మలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఓనర్ అయితే వోచర్ చెల్లదు, వైకల్యం ఉన్నవారికి అవసరమైతే తప్ప. ఆయనకి కోపం వచ్చింది. తర్వాత డిపాజిట్ మీద పడ్డ కొసరు ఖర్చులు పెట్టింది మాత్రం ఆయనే.

ఇల్లు దొరికింది చివరికి ఓ తెలుగాయన దగ్గర. ఐటీలో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, రెండు ఇళ్ళు కలిసి ఉండే డ్యూప్లెక్స్‌లో రెండు బెడ్‌రూముల సగం ఖాళీగా ఉంది. ఆయన భయాలు అందరి భయాలే: ఇల్లు పాడుచేస్తారు, ప్రభుత్వం డబ్బు ఆపేస్తుంది, ఇన్‌స్పెక్టర్లు వచ్చి గోడలన్నీ తవ్వమంటారు. మొదటిదానికి నేను హామీ ఇవ్వలేను, ఏ అద్దెదారుకీ ఎవరూ ఇవ్వలేరు. స్క్రీనింగ్ ఆయనే చేసుకోవచ్చని, లీజు ఆయనకీ ఆమెకీ మధ్యేనని చెప్పాను. రెండోదానికి నిజం చెప్పాను: మొదటి చెక్కు కొన్ని వారాలు ఆలస్యం కావచ్చు, ఆ తర్వాత నెలనెలా అకౌంట్‌లో పడుతుంది. ఈమెకి క్రెడిట్ ఎందుకు లేదో ఆమే స్వయంగా చెప్పింది, ఎంత చెప్పాలో ఆమె ఇష్టానికే వదిలేశాను.

అద్దె 1,530. నీళ్ళు, చెత్త, కరెంటు అద్దెదారే కట్టుకోవాలి కాబట్టి అథారిటీ పట్టిక ప్రకారం యుటిలిటీ అలవెన్స్ 150. మొత్తం 1,680. గీత దాటి 30. ఆయనతో మాట్లాడితే ఒక్క నిమిషం ఆలోచించి, "దానిదేముందమ్మా, కాగితం మీద 1,500 రాద్దాం, ఆ ముప్పై నెలనెలా చేతికిచ్చెయ్" అన్నాడు. "సరే అంకుల్" అనబోయింది ఈమె. అక్కడ ఆపాల్సి వచ్చింది. లీజు బయట ఒక్క డాలర్ తీసుకున్నా అది సైడ్ పేమెంట్, అథారిటీతో చేసుకునే హెచ్‌ఏపీ కాంట్రాక్టులో ఓనర్ సంతకం పెట్టేదే అలా తీసుకోనని. బయటపడితే ఆమె వోచర్ పోతుంది, ఆయన మీద మోసం కేసు. ఆయన మోసగాడేమీ కాదు, సర్దుకుపోదాం అనుకున్నాడంతే. అదే ఈ లోకంలో ప్రమాదం.

దారి యుటిలిటీ పట్టికలోనే ఉంది. నీళ్ళు, చెత్త ఆయన పేరు మీదే ఉంచి అద్దెలో కలిపేస్తే ఆమె అలవెన్స్ 105కి దిగింది. 1,530, 105 కలిపితే 1,635. గీత లోపల. డ్యూప్లెక్స్‌కి మీటరు ఒకటే, నీళ్ళ బిల్లు ఎలాగూ ఆయనకే వస్తుంది, ఇన్నాళ్ళూ పంచి వసూలు చేస్తున్నాడు. ఆయనకి నెలకి కాస్త తగ్గింది, కానీ ఖాళీగా ఉన్న నెలల నష్టంతో పోల్చుకుని ఒప్పుకున్నాడు. కొత్త లెక్కలో సాయం 786, ఆమె ఓనర్‌కి కట్టేది 744, కరెంటు వేరే. అద్దె ఆ చుట్టుపక్కల ఇళ్ళతో సరిపోతుందా అని అథారిటీ చూసే పరీక్ష కూడా దాటింది.

ఇన్‌స్పెక్షన్‌లో పడకగది కిటికీ తెరుచుకోలేదు, ఒక స్మోక్ డిటెక్టర్ పనిచేయలేదు. చిన్న పనులే, ఓనర్ వారాంతంలో చేయించాడు. ఈ మధ్యలో ఆయనే "తాళాలిస్తాను, దిగిపోండి, షెల్టర్‌లో ఎందుకు పాపం" అన్నాడు. పాసవ్వకముందు దిగితే ఆ రోజుల అద్దె అథారిటీ ఇవ్వదు, మొత్తం ఆమె మీదే పడుతుంది. ఆగింది.

దిగిన తర్వాత వచ్చే చిక్కుల గురించి ఎవరూ ముందుగా చెప్పరు, మన ఇళ్ళలో ఇవి తప్పకుండా వస్తాయి. వాళ్ళ నాన్న అన్నయ్య ద్వారా నెలనెలా కొంత పంపడం మొదలుపెట్టారు. ఒకసారి ఇచ్చిన కానుక వేరు, క్రమం తప్పకుండా వచ్చే డబ్బు ఆదాయం కింద చెప్పాల్సిందే. చెప్పింది, వాటా కొద్దిగా పెరిగింది. జీతం విషయంలో దాచే ప్రశ్నే లేదు, అథారిటీలు ఈఐవీ అనే వ్యవస్థలో కంపెనీలు రిపోర్ట్ చేసిన జీతాలు చూస్తాయి. తర్వాత, పిల్లల్ని చూసుకోవడానికి వాళ్ళమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వస్తానన్నారు. అతిథి ఎన్నాళ్ళుండొచ్చో ప్రతి అథారిటీకీ తన పాలసీ ఉంటుంది, దాటితే అనుమతి లేని నివాసి కింద లెక్క. కుటుంబ సభ్యురాలిగా చేర్చేద్దాం అంటే, విజిటర్‌కి అర్హత లేదు కాబట్టి నిష్పత్తి మూడింట రెండు నుంచి నాలుగింట రెండుకి పడిపోతుంది, 786 ఉన్న సాయం 590 దగ్గరికి వస్తుంది. అమ్మ వస్తే మనవలకి అన్నం పెడుతుంది గానీ లెక్కలో నెలకి దాదాపు 200 పోతాయి. ఓనర్‌కీ అథారిటీకీ ముందే రాసి, కొన్నాళ్ళు ఈమె దగ్గర, మిగతా నెలలు అన్నయ్య ఇంట్లో అని తేదీలతో సహా చూపించి అతిథిగానే అనుమతి తీసుకున్నాం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆమె చేతిలో గానీ నా చేతిలో గానీ లేదు. ఎమర్జెన్సీ వోచర్ల నిధులు 2030 దాకా వాడుకోవచ్చని చట్టం. అద్దెలు పెరిగిన వేగానికి డబ్బు అంతకన్నా చాలా ముందే కరిగిపోయింది, ఇక చివరి విడత ఇదేనని, 2026 దాకా వస్తుందనుకుంటున్నామని 2025 మార్చిలో హెచ్‌యూడీ అథారిటీలకి ఉత్తరం రాసింది. ఇలాంటి కుటుంబాల్ని మామూలు వోచర్లలోకి మార్చుకునే వీలు అథారిటీలకి ఉంది, ఖాళీలూ డబ్బూ ఉంటే. ఆమె చేత తన అథారిటీ మామూలు లిస్టులో, తెరిచి ఉన్న పక్క కౌంటీల లిస్టుల్లో, వోచర్‌తో సంబంధం లేకుండా అద్దె తక్కువకిచ్చే టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్ల లిస్టుల్లో కూడా పేరు రాయించాం. అథారిటీని వాళ్ళ ప్లాన్ ఏమిటో రాతపూర్వకంగా అడిగాం. ఓనర్ లీజు రెన్యువల్‌కి 40 పెంచుతానన్నాడు, అథారిటీకి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని గుర్తు చేశాను. 40 శాతం నిబంధన మొదటిసారి దిగేటప్పుడే కాబట్టి ఈసారి గీత దాటినా ఇల్లు పోదు, పైన పడేది మాత్రం ఆమే కట్టుకోవాలి. డే కేర్‌లో ఆమె ఇప్పుడు లీడ్ టీచర్, కట్టగలనంటోంది.